చిన్న నడకకు పెద్ద కొండ

కొలరాడోలో ఉంటున్నామని చెప్పగానే మనవాళ్ళు అడిగే మొదటి మాట, "లాంగ్స్ పీక్ ఎక్కారా?" అని. రాకీ మౌంటెన్ నేషనల్ పార్కులో అన్నిటికన్నా ఎత్తయిన శిఖరం అది, 14,259 అడుగులు. అర్ధరాత్రి దాటాక టార్చిలైట్లు పట్టుకుని దాని మీదికి బయలుదేరేవాళ్ళంటే నాకు గౌరవమే. సెప్టెంబరు సగం దాటాక మాత్రం నన్ను ఆ పార్కుకు లాక్కెళ్ళేవి చిన్న దారులు. కొన్ని మైలు కూడా ఉండవు, కొన్ని మహా అయితే మూడున్నర మైళ్ళు. పొద్దున బయలుదేరితే మధ్యాహ్నం భోజనానికి కిందికి వచ్చేయొచ్చు. చలికాలం ముంచుకొచ్చే ముందు కొండ ఎన్ని పనులు చక్కబెట్టుకుంటుందో ఆ దారుల పక్కనే కనిపిస్తుంది. చూడాలంటే తొందర లేకుండా నడవాలి, అంతే.

బేర్ లేక్ దగ్గర మొదలుపెడదాం. ఆ చెరువే 9,400 అడుగులకు పైన ఉంటుంది. చుట్టూ తిరిగే దారి ముప్పావు మైలుకు కాస్త ఎక్కువ. అక్కడి నుంచే ఇంకో దారి పైకి పోతుంది. అరమైలు నడిస్తే నింఫ్ లేక్, ఇంకో అరమైలు దాటితే డ్రీమ్ లేక్, ఆ పైన హాలెట్ పీక్ రాతిగోడ కింద ఎమరాల్డ్ లేక్. అంత ఎత్తులో సముద్రమట్టం దగ్గరకన్నా ఆక్సిజన్ దాదాపు 30 శాతం తక్కువ. నిన్న విమానం దిగిన మనిషికి నింఫ్ లేక్ చేరేసరికే ఆయాసం వస్తుంది. అందుకని నాలుగడుగులకోసారి ఆగాలి, నీళ్ళు తాగాలి. అలా ఆగినప్పుడే ఆ కొండ నాకు బాగా పరిచయమైంది.

ఈ కాలంలో అందరి చూపూ ఆస్పెన్ చెట్ల మీదే. తెల్లటి బెరడు, పైన పసుపు మంట. రాత్రులు పెరిగి చలి ముదిరేకొద్దీ ఆకు పచ్చదనాన్ని తయారు చేసుకోవడం మానేస్తుంది. వేసవంతా ఆ పచ్చదనం చాటున ఉన్న పసుపు అప్పుడు బయటపడుతుంది. దూరం నుంచి చూస్తే కొండవాలు మీద రంగు ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఒక తోపు పూర్తిగా బంగారం, దాన్ని ఆనుకునే ఇంకో తోపు ఇంకా పచ్చన. ఆస్పెన్ ఎక్కువగా వేళ్ళ నుంచే పిలకలు వేస్తుంది. తోపు తోపంతా చాలాసార్లు ఒకే వేరు సంతానం, అంటే నిజానికి ఒకే చెట్టు. అందుకే ఆ కాండాలన్నీ ఒకేసారి రంగు మారతాయి. యూటాలో పాండో అని పేరు పెట్టిన తోపు ఇలాగే 106 ఎకరాల్లో, దాదాపు 47,000 కాండాలతో నిలబడి ఉంది.

బేర్ లేక్ పరిసరాలు 1900లో అగ్నికి కాలిపోయాయి. అలా కాలిన నేలలో ముందుగా లేచేది ఆస్పెనే. మంట కాండాన్ని తినేసినా నేల కింద వేరు బతికే ఉంటుంది. ఎండ తగలగానే పిలకలు పైకొస్తాయి. 2020లో ఈస్ట్ ట్రబుల్‌సమ్, కామెరాన్ పీక్ అగ్నిప్రమాదాలు ఇదే పార్కులో వేల ఎకరాలను బూడిద చేశాయి. ఆ నల్లటి మోళ్ళను చూసి గుండె చివుక్కుమన్న ప్రతిసారీ ఆ వేళ్ళను తలుచుకుంటాను.

మా అమ్మ వచ్చినప్పుడు స్ప్రేగ్ లేక్‌కు తీసుకెళ్ళాను. చదునైన దారి, ముప్పావు మైలుకు కాస్త పైన, చక్రాల కుర్చీ కూడా సాఫీగా పోతుంది. మోకాళ్ళ నొప్పులు ఉన్నవాళ్ళకు ఇంతకంటే మంచి చోటు లేదు. నీళ్ళకు ఎదురుగా కాంటినెంటల్ డివైడ్ శిఖరాలు వరసగా నిలబడి ఉంటాయి. ఆ గీతకు ఇటు కురిసిన వాన అట్లాంటిక్ వైపు, అటు కురిసింది పసిఫిక్ వైపు పోతుందని చెప్పబోతున్నాను. అమ్మ ధ్యాస వేరే ఉంది. "గాలి లేకపోయినా ఈ ఆకులు ఎలా ఊగుతున్నాయో చూడరా! అచ్చం మన గుడి దగ్గర రావిచెట్టే" అంది. అన్నేళ్ళుగా చూస్తున్న నాకు తట్టని మాట అది. ఆస్పెన్ ఆకు తొడిమ గుండ్రంగా కాకుండా బద్దలా పలచగా ఉంటుంది, అందుకే పిల్లగాలికే ఆకు వణుకుతుంది. తర్వాత అమ్మ ఒక కొమ్మను కిందికి వంచి చూపించింది. రాలబోతున్న ఆకు మొదట్లో వచ్చే ఏటి మొగ్గ అప్పటికే తయారుగా ఉంది.

పైన రాళ్ళగుట్టల్లో ఇంకో సంసారం. పైకా అనే పిడికెడు జంతువు, కుందేలుకు చుట్టం. చలికాలమంతా నిద్రపోయే అలవాటు దానికి లేదు. అందుకని వేసవి నుంచే గడ్డి, ఆకులు కోసి నోట కరుచుకొచ్చి రాళ్ళ సందుల్లో వాములు వేసుకుంటుంది. సెప్టెంబరులో దాని పరుగు చూడాలి! అక్కడే పైన్ చెట్ల మీద క్లార్క్స్ నట్‌క్రాకర్ అనే బూడిదరంగు పక్షి వేల వేల గింజలు తీసుకెళ్ళి నేలలో దాస్తుంది. నెలల తర్వాత మంచు కప్పేసినా చాలా చోట్లు గుర్తుపట్టి తవ్వుకుంటుంది. తవ్వకుండా మిగిలిన గింజల్లో కొన్ని మొలకెత్తి లింబర్ పైన్ మొక్కలవుతాయి. పక్షి దాచుకున్న తిండే చెట్టుకు వారసత్వం.

సాయంత్రానికి మొరేన్ పార్క్ పచ్చికబయలు పక్కన రోడ్డు మీద జనం నిలబడతారు. ఎల్క్ అనే పెద్ద దుప్పుల జతకట్టే కాలం ఇది. మగది మెడ చాచి అరిస్తే బొంగురుగా మొదలైన గొంతు సన్నటి ఈలగా సాగి, గురకల్లో ముగుస్తుంది. ఈ ప్రాంతంలో వేట వల్ల ఎల్క్ దాదాపు తుడిచిపెట్టుకుపోతే 1913, 1914 సంవత్సరాల్లో యెల్లోస్టోన్ నుంచి తెచ్చి వదిలారు. తోడేళ్ళు కూడా ఆ రోజుల్లోనే లేకుండా పోయాయి. ఎల్క్ బాగా పెరిగి ఆస్పెన్ పిలకల్ని, విల్లో పొదల్ని ఎదగనివ్వకుండా మేసేశాయి. పచ్చికబయళ్ళలో అక్కడక్కడా కనిపించే ఎత్తయిన కంచెలు ఆ మొక్కల్ని కాపాడ్డానికి వేసినవే. ఆస్పెన్ మొదళ్ళ మీద నల్లటి మచ్చలు చాలావరకు ఎల్క్ పళ్ళ గాట్లు. కొన్ని మాత్రం మనుషులు చెక్కిన పేర్లు. పలచటి ఆ బెరడుకు తగిలిన గాయంలోంచి బూజు రోగం లోపలికి పోతుంది. దయచేసి పిల్లల చేత ఆ పని చేయనివ్వకండి. ఉడతలకు చిప్స్ వేయనివ్వకండి. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో సాయంత్రం నుంచి పొద్దుటిదాకా ఆ బయళ్ళలోకి దిగకూడదని నియమం ఉంది. ఫొటో కోసం దాన్ని దాటకండి.

ఈ పార్కు కోసం ఏళ్ళ తరబడి ఊరూరా తిరిగి మాట్లాడిన మనిషి ఎనోస్ మిల్స్. 1915 జనవరి 26న అధ్యక్షుడు విల్సన్ పార్కు చట్టం మీద సంతకం చేశాడు. మిల్స్ లాంగ్స్ పీక్‌ను వందలసార్లు ఎక్కినవాడు. అయినా తన సత్రానికి వచ్చిన అతిథులను శిఖరానికి తరమలేదు. దారిలో పువ్వు దగ్గర, ఉడుత దగ్గర, కాలిన చెట్టు దగ్గర నిలబెట్టి చూడటం నేర్పాడు. అలా చూపించడాన్నే ఒక వృత్తిగా మలిచాడు. ఆయన దగ్గర నేర్చుకున్న ఎస్తర్, ఎలిజబెత్ బర్నెల్ అనే అక్కచెల్లెళ్ళు 1917లో నేషనల్ పార్క్ సర్వీస్ నుంచి నేచర్ గైడ్‌లుగా అనుమతి పొందారు. శిఖరం బాగా తెలిసిన మనిషే చిన్న నడకకు అంత విలువ ఇచ్చాడంటే అందులో సంగతి ఉంది.

ఇప్పుడు ఏటా 40 లక్షలకు పైగా జనం ఈ పార్కుకు వస్తున్నారు. ఇటీవలి ఏళ్ళలో ఈ కాలంలో వచ్చేవాళ్ళు ముందే సమయం ఎంచుకుని పర్మిట్ తీసుకోవాల్సి వస్తోంది. విసుగు పడక్కర్లేదు, కొండకు ఊపిరాడాలంటే అది అవసరం. పొద్దున స్వెటర్, మధ్యాహ్నానికి పలచటి చొక్కా, సంచిలో నీళ్ళు, పులిహోర పొట్లం, చెత్త తిరిగి తెచ్చుకోవడానికి ఒక కవరు. ఇంతకు మించి సామాను అక్కర్లేదు.

అమ్మానాన్నలకు టికెట్లు కొనే ప్రతి కుటుంబానికీ నాదొక మనవి. జూన్, జూలై నెలల్లోనే వాళ్ళను పంపించేయకండి, సెప్టెంబరు చివరి వారం కూడా కలిసొచ్చేలా చూడండి. రెక్కాడితేగానీ డొక్కాడని రోజుల్లో వాళ్ళు నడిచిందంతా పనికోసమే. ఊరికే చూడ్డానికి నడిచే భాగ్యం వాళ్ళకు ఇప్పుడే దొరికింది. ఆ ముప్పావు మైలు వాళ్ళ వేగంతోనే నడవండి. పంట, విత్తనం, ముందుచూపు తెలిసిన పెద్దవాళ్ళు ఆ కొండ గురించి మనకు చెప్పేదే ఎక్కువ.