అనువాదకురాలి ప్రశ్న

మేము కొందరం కలిసి ఒక స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రాశాం. దాన్ని ఇంగ్లీషు నుంచి జర్మన్‌లోకి తేవలసి వచ్చింది. రెండు భాషలూ వచ్చిన మనిషి దొరికితే చాలుననుకున్నాను. నాలుగు వందల ముక్కలున్న ఫైలు జర్మనీలోని ఒక మిత్రురాలికి పంపి, వారంలో పూర్తి చెయ్యమన్నాను. వచ్చిన కొద్దిపాటి విరాళాలు ప్రోగ్రాము రాసినవాళ్ళమే పంచుకున్నాం. అనువాదం మాత్రం సేవ అన్నాం!

ఆమె ప్రశ్నలు పంపింది. "యీ 'ఓపెన్' బటన్ మీద మాటా, స్థితిని చెప్పే మాటా? మొదటిదైతే 'ఎఫ్నెన్', రెండోదైతే 'ఓఫెన్'. చదివేవారిని 'డూ' అనాలా, 'జీ' అనాలా? 'సెట్టింగ్స్'కు ఎనిమిది అక్షరాలు. మా 'ఐన్‌ష్టెల్లుంగెన్'కు 13. బటన్‌లో చోటుందా?"

నాకు సిగ్గువేసింది. 'తెరువు' వేరు, 'తెరిచి వుంది' వేరు. 'నువ్వు' వేరు, 'మీరు' వేరు. తెలుగువాణ్ణయి వుండీ, ఇంగ్లీషు కప్పిపుచ్చిన యీ తేడాలు నాకు తట్టలేదు. గెట్‌టెక్స్ట్ పద్ధతిలో ప్రతి ముక్క పక్కనా సందర్భం రాసే వీలుంది. మాలో ఒక్కరమూ రాయలేదు. తెలియని ముక్కలను తెలియనిచోట అతికించమని ఆమెను అడిగామన్నమాట. అనువాదం కూడా శ్రమేనని మా సభల్లో అందరం ఒప్పుకునేవాళ్ళమే. వాటా పంచేనాడు ఆ మాట ఎవరికీ గుర్తురాలేదు.

సందర్భాలు రాయడానికే మాకు నెల పట్టింది. తర్వాత వచ్చిన విరాళంలో ఆమెకు సమాన వాటా ఇచ్చాం. పేరు మా పేర్ల సరసన వేశాం. ఇప్పుడెవరైనా జర్మన్ అనువాదకులు దొరకడం లేదని వాపోతే, ముందు వాళ్ళ ఫైలు చూపించమంటాను.