స్త్రీలకు నాయకత్వ శిక్షణము

హక్కులు గలవని చెప్పుట వేఱు, వానిని అడిగి పుచ్చుకొనుట వేఱు. చట్టము గ్రంథములో నుండును. దానిని చదివి గ్రహించి, తగిన కచేరీకి బోయి, జంకక నిలిచి మాటలాడువారు లేనిచో నది గ్రంథములోనే యుండిపోవును. స్త్రీల విషయమున ఈ మాట మఱింత నిజము. నాయకురాలు పుట్టుకతోనే వచ్చునని కొందఱందురు. మేము చూచినంతవఱకు నామె శిక్షణచే తయారగును. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో మేము కన్నదియు, పెద్దలవలన విన్నదియు, చదివి తెలిసికొన్నదియు నీ వార్షిక సంచిక చదువరుల యెదుట నుంచుచున్నాము.

ఈ మూడు పట్టణములును పూర్వము కరీంనగరము జిల్లాలోనివి. 2016 అక్టోబరు 11వ తేదీన జగిత్యాల, రాజన్న సిరిసిల్ల యను రెండు క్రొత్త జిల్లాలు ఏర్పడెను. కోరుట్ల జగిత్యాల జిల్లాలో చేరెను. సిరిసిల్ల మరమగ్గములకు పేరుపొందిన యూరు. అచ్చట మగ్గమువద్ద సామాన్యముగా పురుషుడు నిలుచును. కండెలు చుట్టుట మొదలగు పనులు స్త్రీలవి. మూడు పట్టణములలోను, చుట్టుపట్ల పల్లెలలోను బీడీలు చుట్టుట యింటింట కానవచ్చు స్త్రీల పని. గడపలో కూర్చుండి, ఒడిలో చేట పెట్టుకొని, వ్రేళ్లు ఆడించుచునే బిడ్డను లాలించు తల్లులను ఈ వైపువారందఱు నెఱుగుదురు. ఇంటిలో జరుగు పనిని లోకము పనిగా లెక్కింపదు. అట్టి పని చేయు స్త్రీ యొంటరిది. తనవంటివారు వీధి నిండ నున్నను, వారితో కూడి యొక మాట యనుకొనుటకు తావుండదు.

మా తల్లిగారు కోరుట్లలో పెక్కేండ్లు బీడీలు చుట్టిరి. రాత్రి తునికాకు తడిపి తడిగుడ్డలో పెట్టెడివారు. తెల్లవాఱిన పిమ్మట దానిని కొలతకు కత్తిరించి, పొగాకు పోసి చుట్టి, దారము కట్టి, మూతి మడిచెడివారు. వేయి బీడీలకింత యని కూలి. కార్ఖానాకు గొనిపోయినవానిలో కొన్నిటిని గుమాస్తా పనికిరావని ప్రక్కకు దీసెడివాడు. వానికి కూలి లేదు. అవి తిరిగి చేతికి వచ్చునవియు గావు. ఇచ్చిన యాకు చాలకున్నచో నంగడిలో కొని కలుపవలసినదే. మా తల్లిగారు ఏనాడు నెదురాడలేదు. ఏమని యడుగవలెనో, ఎవరినడుగవలెనో వారికి తెలిపినవారు లేరు. పని మానిన పిమ్మట భవిష్యనిధి సొమ్ముకొఱకు పోగా, కాగితములలో వారి పేరు వేఱొక విధముగా నున్నదనియు, కొన్నియేండ్ల లెక్క కనబడదనియు చెప్పిరి. ఆ యేండ్ల పని మా కన్నులయెదుట జరిగినది. మా పలకయు, పుస్తకములును, బడి జీతమును ఆ కూలితోనే వచ్చినవి. కాని చూపుటకు చిన్న కాగితమైనను లేకపోయెను.

మా యింటికి నాలుగిండ్ల యవతల, మేము పెద్దమ్మ యని పిలుచు నొకామె యుండెడిది. ఆమెయు బీడీలే చుట్టెడిది, చదువు నంతంతమాత్రమే. ఒకమాఱు స్త్రీల సంఘమువారు జగిత్యాలలో కొన్ని దినములు శిక్షణము జరుపగా నామె పోయెను. ఇంటివారికది యిష్టము లేదు. “సభకు పోయి ఏం తెస్తవు?” అని నవ్విరి. మొదటి దినమున ప్రతి స్త్రీయు లేచి తన పేరు తాను చెప్పవలెననిరట. ఫలానివాని భార్యను, ఫలానివాని తల్లిని అని గాక తన పేరే చెప్పవలెను. పెక్కుమంది గొంతు పెగలక కూర్చుండిరట. తరువాత కూలి చీటి చదివి లెక్క సరిచూచుట, అర్జీ వ్రాసి యిచ్చి రసీదు పుచ్చుకొనుట నేర్పిరి. కడపటి దినమున వంతులవారీగా నొక్కొక్కరు సభ నడుపవలెను. మిగిలినవారు కావలెననియే అడ్డుమాటలు వేయవలెను. ఆమె కోపము తెచ్చుకొనక సమాధానము చెప్పవలెను.

పెద్దమ్మ తిరిగివచ్చి యొక లెక్క పుస్తకము కొనెను. తేది, తెచ్చిన యాకు తూకము, ఇచ్చిన బీడీల సంఖ్య, తీసివేసినవాని సంఖ్య నాడునాడు వ్రాసికొనెను. గుమాస్తా పరిహాసమాడెను, ఆమె మానలేదు. కొన్ని నెలలలో పదిమంది వ్రాయసాగిరి. పుస్తకములన్నియు ఒకచోట బెట్టి కూడగా, తీసివేతలు ఏ వారములలో నెక్కువగుచున్నవో తేలెను. పదిమందియు కలిసిపోయి యడిగిరి. గొప్ప జయమేమియు గలుగలేదు. కాని నాటినుండి తీసివేయు బీడీలను వారి యెదుటనే లెక్కించుట యలవాటయ్యెను. పేర్లలోని తప్పులు ముందుగనే దిద్దబడెను. తెలంగాణ ప్రభుత్వము ఆసరా పింఛనును బీడీ కార్మికులకును వర్తింపజేసినపుడు భవిష్యనిధి సభ్యత్వము ఋజువుగా నడుగబడెను. ఈ పదిమందికి నా చిక్కు కలుగలేదు. “బిడ్డా, నోటిమాట గాలికి పోతది, రాసిన మాట ఉంటది” అని యామె మాతో ననెడిది. చేతివేగమున మా తల్లిగారు పెద్దమ్మకంటె మిన్న. తెలివికి తక్కువవారు గారు. భేదమంతయు ఆ కొలది దినముల శిక్షణములోనిదే.

ఇది క్రొత్త మార్గము గాదు. మన ప్రాంతమున దీనికి తొంబదియేండ్ల చరిత్ర గలదు. నిజాము రాష్ట్రములో ఆంధ్ర మహాసభ 1930లో జోగిపేటలో మొదటిసారి కూడినపుడే, దానితోబాటు మహిళాసభయు కూడెను. నడింపల్లి సుందరమ్మగారు అధ్యక్షురాలు. 1935లో నాలుగవ మహాసభ సిరిసిల్లలో జరిగెను. మహాసభకు మాడపాటి హనుమంతరావుగారును, మహిళాసభకు మాడపాటి మాణిక్యమ్మగారును అధ్యక్షత వహించిరి. ఆ కాలమున స్త్రీ సభలో నిలిచి పలుకుటయే వింత. అట్టిచో తీర్మానమును ప్రతిపాదించుట, బలపఱచుట, చర్చను క్రమమున నడుపుట యనునవి స్త్రీలకు స్త్రీలే నేర్పుకొన్న విద్యలు. తరువాత షాద్‌నగరు సభకు బూర్గుల అనంతలక్ష్మమ్మగారును, 1937లో నిజామాబాదు సభకు నందగిరి ఇందిరాదేవిగారును అధ్యక్షులైరి. ఒక్కరే యేండ్ల తరబడి పీఠమున గూర్చుండక, సభసభకు క్రొత్తవారు వచ్చిరి. నాయకత్వము చేతులు మాఱిననే శిక్షణము వ్యాపించును.

సభకు ముందు పాఠశాల యుండవలెనను నెఱుకయు వారికుండెను. హైదరాబాదు నారాయణగూడలో 1928లో స్థాపింపబడిన ఆంధ్ర బాలికల పాఠశాల తెలుగున చదువు చెప్పెను. ఉర్దూయే రాజభాషగా నున్న ఆ రాజ్యములో బాలికలకు తమ యింటి భాషలో చదువబ్బుట సామాన్య విషయము గాదు. తన భాషలో నాలోచింప నేర్చినవారే తన భాషలో నడుగగలరు.

ఇక చట్టముల సంగతి. 1966లో బీడీ, సిగారు కార్మికుల చట్టము వచ్చెను. అందు ఇంటికడ పనిచేయు స్త్రీని గూడ కార్మికురాలిగా నెంచిరి. ముడిసరుకు ఇచ్చుట, బీడీలను త్రోసివేయుట మొదలగువానిని గూర్చిన తగవులు తీర్చుటకు అధికారి యుండవలెననియు నందు గలదు. ఇంటికడ చుట్టువారికిని భవిష్యనిధి చెల్లునని సుప్రీము కోర్టు 1985లో తీర్పు చెప్పెను. మా తల్లిగారు కార్ఖానాలో మౌనముగా నిలిచిన దినములలో ఈ చట్టము దేశములో నున్నది. ఆ వీధిలోనికి మాత్రము రాలేదు. 2025 నవంబరు 21వ తేదీన నాలుగు కార్మిక స్మృతులు అమలులోనికి వచ్చుటతో 1966 నాటి చట్టము రద్దై, దాని స్థానమును క్రొత్త స్మృతి గైకొనెను. పేరు మాఱెను, సెక్షన్లు మాఱెను. కావున నొకమాఱు నేర్చినది చాలదు; చట్టము మాఱినపుడెల్ల పాఠమును మరల జదువవలెను.

లోకమున నితరత్రయు నిట్లే జరిగినది. అహమ్మదాబాదులో ఇలా భట్టుగారు 1972లో స్థాపించిన ‘సేవా’ యను స్త్రీ కార్మిక సంఘమున బీడీలు చుట్టువారును చేరిరి. ఇంటికడ పనిచేయువారిని గూర్చి అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ యొడంబడికను అంగీకరించుటకు, అట్టి సంఘముల స్త్రీలు నోరు విప్పి తమ పని చెప్పుకొనుటయే యొక ముఖ్య కారణము.

మన తెలుగు సీమలో 1993లో వెలసిన ఆంధ్రప్రదేశ్ మహిళా సమత పల్లెలలో స్త్రీల సంఘములను గూర్చి శిక్షణమిచ్చెను. పిమ్మట పొదుపు సంఘములు వాడవాడల నెలకొనెను. క్రమముగా కూడుట, పొదుపు చేయుట, అప్పిచ్చుట, తిరిగి కట్టుట, లెక్క వ్రాయుట యను అయిదు సూత్రములే వారి బాలశిక్ష. 1993 ఏప్రిల్ 24వ తేదీనుండి అమలైన రాజ్యాంగపు 73వ సవరణ పంచాయతీలలో మూడవవంతు స్థానములు స్త్రీలకిచ్చెను; తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము 2018లో సగము స్థానములిచ్చెను. గ్రామ ప్రతినిధులకు శిక్షణమిచ్చు సంస్థలు రాజేంద్రనగరమున గలవు.

ఇంత యుండియు భార్య పేర భర్త సర్పంచిగిరి చేయు నూళ్లు లేకపోలేదు. దానినిబట్టి శిక్షణము వ్యర్థమనుట సరికాదు, చాలదనుట సరి. దూరపు పట్టణమున మూడు దినములు కూర్చుండబెట్టి, నోటు పుస్తకము, కలము, ప్రశంసాపత్రము నిచ్చి పంపిన శిక్షణము కాగితము మీదిది. నాటి కూలి పోవునని బీడీల స్త్రీ రాదు. బిడ్డను చూచువారు లేక బాలింత రాదు. చీకటి పడక మునుపు బస్సు లేకున్న ఎవతెయు రాదు. కూలి నష్టము తీర్చి, బిడ్డలకు చోటు చూపి, ఊరికి దగ్గఱగా, వారి మాటలోనే నేర్పవలెను. నేర్చినామె మఱి పదిమందికి నేర్పుచున్నదా యని యాఱు నెలలకొకమాఱు విచారింపవలెను.

తలిదండ్రులకు మా విన్నపమొకటి. ఇంటి లెక్క వ్రాయుట కొడుకుతోబాటు కూతురికిని నప్పగింపుడు. బ్యాంకుకు, మండల కచేరీకి పోవునపుడు ఆమెను వెంట గొనిపొండు. కాగితముపై వ్రేలిముద్ర వేయుటకు, సంతకము చేయుటకు ముందు దానిని బిగ్గఱగా చదువుమనుడు. ఉపాధ్యాయులు సాహిత్య సంఘపు సభలలో బాలికలకు స్వాగతగీతములు మాత్రమే విడువక, అధ్యక్షపీఠమును, కార్యదర్శి పుస్తకమును గూడ వంతులవారీగా నీయవలెను. విద్యార్థినులారా, మీలో ననేకుల తల్లులు నేడును చేట ముందఱ కూర్చున్నవారే. ఈ సాయంకాలము వారివద్ద కూర్చుండి, వారి కార్డులో పేరు సరిగా నున్నదో లేదో చదివి చూడుడు. తప్పున్నయెడల దిద్దింపుమని అర్జీ వ్రాయుడు, రసీదు మఱువకుడు. మీ నాయకత్వ శిక్షణమునకు అదియే మొదటి పాఠము.