మూట మోసుడు వ్యాయామం కాదు

ఈ వారం నడక గురించి రాస్తున్న. నవ్వకుండ చదవండి.

మా చిన్నాయన ఎనుమాముల మార్కెట్ల 30 ఏండ్లు హమాలీ. పత్తి సీజన్ల పత్తి, మిర్చి సీజన్ల మిర్చి. 40 కిలోల బస్తా వీపు మీదేసుకుని ఘాటుకు దగ్గుకుంట నడిచేటోడు. ఏ ఏడు హమాలీ రేటు ఎంత పెరిగింది, ఎన్ని రోజుల సమ్మెకు పెరిగింది, ఎవరు టెంట్ల కూసున్నరు, ఎవరు ఇంట్ల పండుకున్నరు, అన్నీ ఆయన నోటికే ఉండేటివి. మా సంఘానికి మినిట్స్ బుక్ ఆయనే. 58 ఏండ్లకు ఆయన రోజూ పోయే షెడ్డు దారి మర్చిపోయిండు. బీపీ, షుగర్ ఏండ్లకేండ్లు చూపించుకోక మెదడుకు రక్తం పోయే నరాలు దెబ్బతిన్నయని డాక్టర్ చెప్పిండు.

మీల చాలామంది విద్యార్థులు. మీ అమ్మానాయినల వయసు 40, 50 మధ్య ఉంటది. ఈ రాత వాళ్ళ కోసం, మీ చేత చదివిస్తున్న.

మన దేశంల 60 దాటినోళ్ళల్ల 7.4 శాతం మందికి, అంటే 88 లక్షల మందికి డిమెన్షియా ఉన్నదని 2023ల వచ్చిన ఒక అధ్యయనం అంచనా. 2024ల లాన్సెట్ కమిషన్ 14 కారణాలు చెప్పి, అవన్నీ పోగొట్టగలిగితే ప్రపంచంల దాదాపు 45 శాతం కేసులను ఆపొచ్చు, లేకుంటే వెనక్కి నెట్టొచ్చు అన్నది. ఆ జాబితాల కొన్ని చూడండి: చిన్నప్పుడు చదువు లేకపోవుడు, బీపీ, షుగర్, పొగ, మందు, తలకు దెబ్బలు, గాలి కాలుష్యం, వ్యాయామం లేకపోవుడు. మా వాడల ఇంటింటి సర్వే కాగితం చదివినట్టే ఉన్నది. చదువు లేకపోవుడు మనం ఎంచుకున్నది కాదు కదా. ఇందుల చాలావరకు నడివయసుల పట్టుకునేటివే. మతిమరుపు 70ల కనపడితే దాని బీజం 45లనే పడి ఉంటది.

ఏండ్ల కింద నడువమంటే చిన్నాయన ఒకటే అన్నడు. "పొద్దంతా మూటలు మోసేటోనికి నడకేందిరా బిడ్డా?"

న్యాయమైన ప్రశ్న. మంచానపడ్డ పెద్దమనుషులకు చెప్పే మాట హమాలీకి చెప్తే కోపమొస్తది. అయితే డెన్మార్క్‌ల 1970ల మొదట్ల 4,721 మంది మగ ఉద్యోగులను లెక్కల పెట్టుకుని దశాబ్దాలు గమనించిన్రు. కూసుని పనిచేసేటోళ్ళ కంటే బరువు పని చేసేటోళ్ళల్ల డిమెన్షియా ముప్పు 55 శాతం ఎక్కువ కనపడ్డది. బరువు పనే కారణమని దీనితోనే తేలిపోలేదు, కోపెన్‌హేగెన్ వేరు ఎనుమాముల వేరు. అయినా కొట్టిపారేయలేం. బరువు ఎత్తినప్పుడల్లా బీపీ లేస్తది, ఎప్పుడు ఆగాల్నో మన చేతుల ఉండదు. నడకల అయితే వేగం మనది, ఆగుడు మనది. మూట మోసుడుల దొర టైమే తప్ప మన టైమ్ లేదు.

అమెరికల తెల్లోళ్ళ కంటే నల్లజాతి పెద్దలల్ల అల్జీమర్స్ దాదాపు రెండింతలు. అక్కడ పోర్ట్‌లాండ్‌ల రైనా క్రాఫ్ అనే పరిశోధకురాలు 55 దాటిన నల్లజాతోళ్ళను ముగ్గురేసి జట్టుగా, ఒకప్పుడు వాళ్ళవే అయిన బస్తీలల్ల నడిపించింది. చేతిల ట్యాబ్లెట్, అందుల పాత ఫోటోలు. ఫలాన కాడ ఆగి, ఇక్కడేముండె అని మాట్లాడుకునుడు. కాళ్ళకు పని, జ్ఞాపకానికి పని. నాకు ఆ ఆలోచన శానా నచ్చింది.

మనకు నడక ఊరికే దొరకలేదు. 1924ల వైకోం సత్యాగ్రహం చేసింది గుడి చుట్టున్న రోడ్ల మీద నడిచే హక్కు కోసమే. దొరల గడి ముందు చెప్పులు చేతిల పట్టుకుని పోయిన ముసలోళ్ళు మా వాడల నిన్నమొన్నటిదాక ఉన్నరు. ఇప్పటికీ పొద్దున్నే షూ వేసుకుని నడిచేది హన్మకొండోళ్ళ పనే అనుకుంటరు. చాట పని చేసే మా అక్కను పిలిస్తే, "పని లేనిదానిలెక్క తిరుగుతున్నదంటరు తమ్మీ" అన్నది. ఆడోళ్ళకు ఇదింకో గోడ. ఐదుగురు కలిసి బయల్దేరితే ఆ మాట అననీకి ఎవలకూ నోరు లేవలేదు.

వారానికి 150 నిమిషాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. రోజుకు అరగంట, ఐదు రోజులు. మాట్లాడొచ్చు గని పాట పాడలేనంత వేగం చాలు. సీజన్ల బస్తాలు మోసి ఒళ్ళు హూనమైనోళ్ళను బలవంతం చేయకండి, వాళ్ళకు ముందు నిద్ర, బీపీ పరీక్ష, మందులు. నడక పేరు చెప్పి బస్తా బరువు, విశ్రాంతి షెడ్డు డిమాండ్లు పక్కకు పెట్టేది లేదు. అవి కూడా మెదడు సంగతులే.

మేం ఇప్పుడు పదకొండు మందిమి. మార్కెట్ బందున్న రోజుల్ల యార్డ్ చుట్టూ నడుస్తున్నం, పోర్ట్‌లాండోళ్ళ లెక్క. సమ్మె టెంట్ ఏసిన జాగకాడ ఆగుతం, పాత కాంటా కాడ ఆగుతం. కేయూ పిల్లలిద్దరు వచ్చి ఫోన్ల రికార్డ్ చేస్తున్నరు. చిన్నాయనను ముందు నడిపిస్తున్నం. ఏండ్లు కలిపేస్తున్నడు, ఒక సమ్మెల మనిషిని ఇంకో సమ్మెల కూసోబెడుతున్నడు. తెలిసినోళ్ళు పక్కనుంచి సరిచేస్తున్నరు, పిల్లలు రెండూ రికార్డ్ చేస్తున్నరు.