కార్డులు దొరకని నెలలు

క్రికెట్ కార్డులు కూడబెట్టే వాళ్లకు కరువు కాలం అంటే ఏమిటో తెలుసు. అది మూడు రకాలుగా వస్తుంది. దుకాణాల్లో ప్యాకెట్లు దొరకవు. దొరికినా మన దగ్గర ఉన్న కార్డులే మళ్లీ వస్తాయి. వాటిని మార్చుకుందామంటే పక్కన ఇంకొకరు ఉండరు. ఒకే ఊళ్లో ఉండే పిల్లలకు వీటిలో ఏదో ఒకటి వచ్చి పోతుంది. బదిలీల మీద తిరిగే మనకు మాత్రం మూడూ ఒకేసారి వస్తాయి. ఐపీఎల్ అయిపోయాక కార్డుల అమ్మకం తగ్గేది వేసవి చివరిలోనే. మన నాన్నలకు బదిలీలు అయ్యేదీ అప్పుడే.

నాన్నగారు బ్యాంకు ఉద్యోగి. రెండేళ్ల క్రితం జూన్ నెలలో విశాఖపట్నం నుంచి జంషెడ్‌పూర్ వచ్చి టెల్కో కాలనీలో దిగాం. అప్పటికి నా ఆల్బమ్‌లో 18 పేజీలు, పేజీకి తొమ్మిది అరలు, మొత్తం 162 అరలు. అందులో 151 నిండాయి. ఇంక 11 కార్డులు చాలు అనుకుంటూ వచ్చాను. వచ్చిన వారంలోనే ఖడంగాఝార్ మార్కెట్‌లో దుకాణం దుకాణం అడిగాను. "వో సీజన్ ఖతమ్ హో గయా, బేటా" అన్నారు అందరూ. ఆ తరువాత ఏడు నెలల పాటు ఒక్క కొత్త కార్డు కూడా నా చేతికి రాలేదు.

సంక్రాంతికి ఇల్లు సర్దుతూ అమ్మ ఆల్బమ్ చేతిలోకి తీసుకుంది. "ఎన్నాళ్లైందే దీన్ని ముట్టుకుని? వచ్చే బదిలీకి దీన్ని కూడా మోయాలా? కింద ఇంట్లో బాబుకి ఇచ్చేయకూడదూ?" అంది. అమ్మ మాటలో తప్పేమీ లేదు. ప్రతి బదిలీకీ మన ఇళ్లలో ఏదో ఒకటి వదిలిపెడతాం. కానీ ఆ కార్డుల్లో సగం విశాఖలో నా స్నేహితురాలితో స్కూలు బస్సులో మార్చుకున్నవి. అవి ఇచ్చేస్తే ఆ మూడేళ్లూ ఇచ్చేసినట్టే అనిపించింది. వారం రోజులు గడువు అడిగాను.

ఆ వారం నాన్నగారు తన చిన్నప్పటి సంగతి చెప్పారు. విజయనగరంలో చదువుకునే రోజుల్లో బిగ్ ఫన్ బబుల్‌గమ్‌తో పాటు క్రికెటర్ల కార్డులు వచ్చేవట. కార్డు మీద ఇన్ని పరుగులు, ఇన్ని వికెట్లు అని ఉండేవట. పరుగులన్నీ కూడితే బహుమతి. "కొనడానికి డబ్బుల్లేని రోజులే ఎక్కువ. అప్పుడు ఉన్నవే ముందేసుకుని లెక్కపెట్టుకునేవాళ్లం" అన్నారు.

ఈ కరువు ఇంకా పాతదని తరువాత చదివి తెలుసుకున్నాను. మొదట్లో ఇలాంటి కార్డులు సిగరెట్ పెట్టెలు నలగకుండా లోపల పెట్టే అట్టముక్కలు. ఇంగ్లండ్‌లో వాటి మీద క్రికెటర్ల బొమ్మలు అచ్చేసేవారు. పిల్లలు పెద్దవాళ్లను అడిగి వాటిని తీసుకునేవారు. మొదటి ప్రపంచ యుద్ధంలో కాగితం కొరత వచ్చి కార్డులు ఆగిపోయాయి. రెండో యుద్ధంలో, 1940లో, మళ్లీ ఆగిపోయాయి. అమెరికాలోనూ 1941 తరువాత బేస్‌బాల్ కార్డులు చాలా వరకు ఆగి, 1948లో మళ్లీ మొదలయ్యాయి. అంటే అక్కడి పిల్లలు ఏడేళ్లు ఆగారు. నావి ఏడు నెలలే కదా అనుకున్నాను.

కొనడం కుదరదు కాబట్టి ఉన్నవాటిని చదవడం మొదలుపెట్టాను. కార్డు వెనుక అంకెలు మాత్రమే ఉంటాయి. ఆ పరుగులు ఎక్కడ, ఎప్పుడు, ఎవరి మీద చేశారో ఉండదు. అవి లైబ్రరీలో వెతికి ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నాను. రాంచీకి చెందిన ధోని వన్డేల్లో మొదటి సెంచరీ, 148 పరుగులు, కొట్టింది 2005 ఏప్రిల్ 5న పాకిస్తాన్ మీద. అది మా విశాఖపట్నంలో! జంషెడ్‌పూర్ కుర్రాడు సౌరభ్ తివారీ వన్డేల్లోకి అడుగుపెట్టిందీ విశాఖలోనే, 2010 అక్టోబరులో ఆస్ట్రేలియా మీద. మన హైదరాబాద్ లక్ష్మణ్ 281 పరుగులు చేసింది 2001లో కలకత్తాలో, మాకు రైల్లో కొన్ని గంటల దూరం. నేను వదిలి వచ్చిన ఊరికీ, వచ్చి చేరిన ఊరికీ ఇన్ని చుట్టరికాలు ఉన్నాయని అప్పటిదాకా నాకు తెలియదు.

తరువాత ఇంకో ఆలోచన వచ్చింది. జంషెడ్‌పూర్‌లో ఇంతమంది క్రీడాకారులు ఉన్నారు, వీళ్లలో చాలామందికి నా ఆల్బమ్‌లో కార్డు లేదు. పాత పెళ్లి పత్రికల అట్టలు కత్తిరించి నేనే చేశాను. 1984లో ఎవరెస్ట్ ఎక్కిన మొదటి భారతీయ మహిళ బచేంద్రీ పాల్, ఇక్కడే ఎంతోమందికి పర్వతారోహణ నేర్పించారు. 2011లో 48 ఏళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన ప్రేమలతా అగర్వాల్ ఈ ఊరి గృహిణి. ఇక్కడి టాటా ఆర్చరీ అకాడమీలో విలువిద్య నేర్చుకున్న దీపికా కుమారి 2010 కామన్వెల్త్ క్రీడల్లో రెండు బంగారు పతకాలు గెలిచింది. తొమ్మిది టెస్టులు ఆడిన ఫాస్ట్ బౌలర్ వరుణ్ ఆరోన్. ముందు బొమ్మ గీసి, వెనుక వివరాలు రాశాను. తొమ్మిది కార్డులు, సరిగ్గా ఒక పేజీ.

వాటిని మెట్ల మీద కూర్చుని ఆరబెడుతుంటే కింద ఇంటి బాబు వచ్చాడు. ఆల్బమ్ వాడికి ఇచ్చేయమని అమ్మ చెప్పింది వాడినే. అసలు కార్డుల వైపు చూడను కూడా లేదు. "దీదీ, యే దీపికా వాలా దోగీ?" అని అడిగాడు. వాళ్ల అమ్మగారు విలువిద్య చూడడానికి వాడిని తీసుకెళ్లేవారట. నేను ఆలోచిస్తుంటే పరుగెత్తుకెళ్లి, పాట్నాలో వాళ్ల అన్నయ్య ఇచ్చిన క్రికెట్ కార్డులు గుప్పెడు తెచ్చి ముందు పోశాడు. వాటిలో రెండు నాకు లేనివి. టెల్కో కాలనీలో నా మొదటి మార్పిడి అదే. రెండు నెలల్లో మా బ్లాకులో ఐదుగురం అయ్యాం. అందులో ఇద్దరు ఫుట్‌బాల్ కార్డుల వాళ్లు. అయినా మాకేం అభ్యంతరం లేదు.

విశాఖ స్నేహితురాలికి నాకు లేని నంబర్ల పట్టీ, తనకు పనికొస్తాయనుకున్న డబుల్స్ కవర్లో పెట్టి పోస్టు చేశాను. మూడు వారాలకు జవాబు వచ్చింది. అందులో మూడు కార్డులు, నాలుగు పేజీల ఉత్తరం. కార్డుల కన్నా ఉత్తరాన్నే ఎక్కువసార్లు చదివాను.

వారం గడువు ఎప్పుడో దాటిపోయింది. అమ్మ మళ్లీ అడగలేదు. మొన్న అట్టలు తనే దాచిపెట్టి ఇచ్చింది.

ఈ రెండేళ్లలో నాకు అర్థమైంది ఇదే. ప్యాకెట్లు దొరికే రోజుల్లో మనం చేసేది కొనడం మాత్రమే. ఉన్నవాటిని చూసుకోవడం, లేనివాటిని తయారుచేసుకోవడం, ఎదుటివాళ్లకు ఏది ఇష్టమో తెలుసుకోవడం దొరకని రోజుల్లోనే అలవాటవుతాయి. కొత్త ఊళ్లో స్నేహాలు కుదరని మొదటి నెలలకు కూడా ఇవే పనికొస్తాయి.

నా ఆల్బమ్‌లో ఇంకా నాలుగు అరలు ఖాళీ. వచ్చే వేసవిలో నాన్నగారికి మళ్లీ బదిలీ ఉండవచ్చు. ఏ ఊరో తెలియదు. ఈసారి డబుల్స్ అన్నీ విడిగా ఒక బిస్కెట్ డబ్బాలో పెట్టాను. వాటితో పాటు కొన్ని ఖాళీ అట్టముక్కలు కూడా. మీలో ఎవరైనా కార్డులు కూడబెట్టేవారుంటే, సామాను కట్టేటప్పుడు ఆ డబ్బాను లారీలో వేయకండి, చేతి సంచిలో పెట్టుకోండి. కొత్త ఊళ్లో ముందుగా అవసరమయ్యేది అదే.