పన్నెండు వోల్టుల లెక్క

మే 9, 2015
జీటీఏ 5లో కారు హైవే ఎక్కిందో లేదో, కంప్యూటర్ టప్పున ఆరిపోయింది. బొమ్మ బిగుసుకుపోవడం లేదు, నీలం తెర లేదు. ఎవరో గోడ స్విచ్ కట్టేసినట్టు. రెండో జీటీఎక్స్ 970 గ్రాఫిక్స్ కార్డు పెట్టినప్పటి నుంచీ ఇదే గోల. ఒకటి పీకేస్తే తెల్లవార్లూ ఆడుకోవచ్చు.

మే 10
అనుమానం లోపల అన్నిటికీ కరెంటిచ్చే ఎస్‌ఎంపీఎస్ మీదే. విప్పి చూస్తే స్టిక్కర్ మీద లావుపాటి అక్షరాల్లో 600 వాట్లు. కింద చీమ తలకాయలంత అంకెల పట్టికలో +12 వోల్టుల గడి: 25 ఆంపియర్లు. అంటే 300 వాట్లు. మిగతావి 3.3, 5 వోల్టుల గడుల్లో పంచి లెక్క నింపారు. అక్కడ ఎంతుంటే నాకేం? కార్డులూ ప్రాసెసరూ తాగేది పన్నెండులోనే.

రెండో కార్డుకి హార్డ్ డిస్కు వైర్ల నుంచి అడాప్టర్లతో కరెంటు లాగాను (చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది). ఒక అడాప్టర్ తెల్ల ప్లాస్టిక్ మూల గోధుమరంగు తిరిగింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే మాడు వాసన.

మే 12
పాల బిల్లు వెనకాల లెక్క. కార్డుకి 145 వాట్ల చొప్పున 290. ప్రాసెసర్ ఐ5-4690కె 88. బోర్డు, ర్యామ్, డిస్కులు, ఫ్యాన్లు కలిపి ఓ 60 అనుకుందాం. మొత్తం 438.

"వెయ్యి వాట్లది తీసుకో అన్నయ్యా, పీడా పోతుంది" అన్నాడు తమ్ముడు ఫోన్లో. డబ్బులు వాడివి కావుగా. అలాగని 500తో సరిపెట్టలేను. 145 అనేది సగటు, క్షణంలో వెయ్యో వంతు సేపు కార్డు అంతకంటే చాలా ఎక్కువ గుంజుతుంది. మంచిదైతే 650 చాలు. కానీ నా కార్డులకి ఒక్కోదానికి ఒక ఆరు పిన్నులది, ఒక ఎనిమిది పిన్నులది కావాలి. నాలుగు కనెక్టర్లూ సొంత వైర్లతో వచ్చేది 750లో సులువుగా దొరుకుతుంది. ఇక అడాప్టర్ల జోలికి పోను.

మే 16
కంప్యూటర్ షాపుల కోసం చెనాయ్ ట్రేడ్ సెంటర్. ఎండకి పార్క్‌లేన్ తారు చెప్పులకి అంటుకుంటోంది. మొదటి షాపులో ఎర్ర లైట్ల ఫ్యాన్ ఉన్న ఎస్‌ఎంపీఎస్ చూపించారు. చేతిలోకి తీసుకుంటే ఖాళీ టిఫిన్ డబ్బాలా తేలిపోయింది.

రెండో షాపు కుర్రాడిని "పన్నెండు మీద ఎన్ని ఆంప్స్?" అని అడిగితే మాట్లాడకుండా పెట్టె తిప్పి నా వైపు తోశాడు. 62 ఆంపియర్లు, అంటే 744 వాట్లు. ఆ అంకె 50 డిగ్రీల వేడిలోనూ నిలుస్తుందని పక్కనే రాసుంది. కరెంటు పొదుపుకిచ్చే 80 ప్లస్ గోల్డ్ ముద్ర కంటే నాకు ఆ ముక్కే నచ్చింది. ఈ ఊళ్లో మే నెలలో క్యాబినెట్ లోపల ఎంతుంటుందో చెయ్యి పెట్టి చూసినవాణ్ని.

మే 17
కొన్న కొత్త ఎస్‌ఎంపీఎస్ పెట్టెలో వచ్చిన వైరుకి 15 ఆంపియర్ల లావు ప్లగ్గు! బల్ల దగ్గరున్నది 5 ఆంపియర్ల సాకెట్టు.

"గీజరు పీకి దీనికి పెడతారా ఏంటి?" అంది మా ఆవిడ.

మళ్లీ పాల బిల్లు. నిండా 750 ఇచ్చినా, వేడిగా పోయేది కలిపి గోడ నుంచి లాగేది ఓ 833. దాన్ని 230తో భాగిస్తే 3.6 ఆంపియర్లు. పాత మానిటర్ వైరు మీద 6 ఆంపియర్ల ముద్ర చూసి అదే పెట్టాను.

మే 19
కార్డుకి రెండేసి విడి వైర్లు. మూడు గంటలు ఆడినా ఆరలేదు. గోడ దగ్గర పెట్టిన మీటరు 410 దాటలేదు. పై కార్డు మాత్రం 80 డిగ్రీలు; కింది కార్డు వదిలిన వేడినే అది పీల్చుకుంటోంది. దానికి ఎస్‌ఎంపీఎస్ ఏం చేస్తుంది!

మే 23
యూపీఎస్ సంగతి మర్చేపోయాను. దాని 600 వీఏ అంటే నిజానికి 360 వాట్లు. గేమ్ మధ్యలో కరెంటు పోగానే ఒక్క కేక పెట్టి చచ్చింది. ఇప్పుడు దానికి రౌటరు, మానిటరు మాత్రమే తగిలించాను. సాయంత్రం మళ్లీ కరెంటు పోయింది. సీపీయూ నిశ్శబ్దం. మానిటర్ మీద "నో సిగ్నల్" అని రంగురంగుల పెట్టె గోడకీ గోడకీ తగులుతూ తిరుగుతోంది. ఇంటర్నెట్ మాత్రం భేషుగ్గా వస్తోంది.