యంత్రలోకపు మాటలు

ఒక క్రొత్త మాట చెవిని పడినప్పుడు దాని పుట్టుకను విచారించుట నాకు బాల్యమునుండి అలవాటు. కంప్యూటరు మన యిండ్లలోనికి వచ్చిన తరువాత ఈ వేడుక మఱింత హెచ్చినది. బిట్, బైట్, ప్యాకెట్, సర్వర్ అను మాటలు విని పలువురు బెదరుదురు. నిదానించి చూచినచో అవి మనకు తెలిసిన పనులకు పెట్టిన పేర్లే యని తోచును.

మొదట బిట్‌ను చూతము. ఈ యంత్రమునకు తెలిసిన గుర్తులు రెండే: ఒకటి, సున్న. దీపము వెలుగుచుండుట ఒకటి, ఆరియుండుట సున్న యనుకొనుడు. అట్టి ఒక్క గుర్తునకు బిట్ అని పేరు. జాన్ టూకీ అను గణితవేత్త ఈ మాటను కల్పించెను. 1948లో క్లాడ్ షానన్ తన వ్యాసమున వాడుటచే అది ప్రసిద్ధికెక్కెను. ఎనిమిది బిట్లు కూడినచో ఒక బైట్. ఎనిమిది దీపములను వరుసగా నిలిపి, వెలిగించుచు ఆర్పుచు నుండిన 256 విధముల అమరికలు ఏర్పడును.

ఆంగ్లాక్షరమునకు ఒక బైట్ చాలును. నేడు విరివిగా వాడుకలోనున్న పద్ధతిలో మన తెలుగు గుర్తులకు ఒక్కొక్కదానికి మూడేసి బైట్లు కావలయును. 'అమ్మ' అను మాటలో అకారము, మకారము, పొల్లు, మరల మకారము అని నాలుగు గుర్తులు. కావున 12 బైట్లు. తల్లిని పిలుచు పిలుపు 96 దీపముల వరుసగా మారునని తెలిసిననాడు నేను నివ్వెఱపోతిని.

ఇక నెట్‌వర్క్. నెట్ అనగా వల. వలలో ఒక త్రాడు తెగినను తక్కినవి పట్టు విడువవు. కంప్యూటర్లను కలుపు వల గుణమును ఇట్టిదే. ఒక దారి మూసికొనిపోయిన వార్త మఱొక దారిని పోవును. పెద్ద వార్తను ఒక్క మూటగా పంపరు. చిన్న చిన్న పొట్లములుగా విడదీసి, ప్రతి పొట్లముమీదను చేరవలసిన చిరునామాయు వరుససంఖ్యయు ఉంచి పంపుదురు. అవి వెనుక ముందులుగా చేరినను గమ్యమున మరల వరుసలో కూర్చబడును. ఈ పొట్లమే ప్యాకెట్. దానికి దారి చూపునది రూటర్. అడిగినవారికి అడిగినది వడ్డించునది సర్వర్.

1969 అక్టోబరు 29వ తేదీన అమెరికాలో లాస్ ఏంజిలిస్ నందలి విశ్వవిద్యాలయమునుండి స్టాన్‌ఫర్డ్ పరిశోధనసంస్థకు ఇట్టి వలపై తొలి వార్త పంపబడెను. 'లాగిన్' అను మాటను పంపబూనగా, రెండు ఆంగ్లాక్షరములు చేరునప్పటికే ఆవలి యంత్రము నిలిచిపోయెను. నేటి ఇంటర్నెట్టునకు ఆ రెండక్షరములే ఓనమాలు.

దాచుటలోను రెండు విధములు కలవు. ర్యామ్ అనునది పలక వంటిది. పని జరుగుచున్నంతసేపు అందు వ్రాత యుండును; విద్యుత్తు ఆగినంతనే తుడిచిపెట్టుకొనిపోవును. డిస్కు గ్రంథము వంటిది. విద్యుత్తు లేకున్నను నిలుపుకొనును. 1956లో ఐ.బి.ఎం. సంస్థ డిస్కులతో దాచు తొలి యంత్రమును వెలువరించెను. అందు రెండేసి అడుగుల వెడల్పుగల 50 పళ్లెములుండెను. అవి యన్నియు కలిసి దాచినది 50 లక్షల అక్షరములు మాత్రమే. నేడు గోరంత బిళ్లలో అంతకు వేలరెట్లు పట్టుచున్నది.

అయినను గ్రంథమునకు చెదవలె డిస్కునకును చేటు కలదు. మా బంధువు ఒకామె తన తల్లి పాడిన ఊయలపాటలను, దంపుళ్లపాటలను ఒకే డిస్కులో దాచుకొనెను. తల్లి గతించిన మఱుసటి యేడు ఆ డిస్కు పలుకుట మానెను. ఎందరికి చూపినను పాటలు తిరిగి రాలేదు. ఆమె యిప్పుడు తనకు జ్ఞాపకమున్న చరణములను ఒక నోటుపుస్తకమున వ్రాసికొనుచున్నది.

మన పూర్వులు ఈ భయమును ఎఱుగుదురు. తాటియాకు శిథిలమగుటకు ముందే క్రొత్త ఆకులపై ప్రతి వ్రాసికొనెడివారు. అట్లు వ్రాసినవారి చలువవలననే ప్రాచీన కావ్యములు మనకు దక్కినవి. ఆ రెండవ ప్రతికే నేడు బ్యాకప్ అని పేరు.

బాలబాలికలారా! మీ యింట అవ్వ పాటయో, తాత చెప్పిన కథయో యంత్రమున దాచినచో, దానికి మఱొక ప్రతి తీసి వేఱొకచోట భద్రపఱచుడు. ఆ పనిని రేపటికి వాయిదా వేయకుడు.