పడికట్టు పలుకులు – పెద్దల పేర్లు

గుమాస్తా ఉద్యోగము చేసినవారికి పడికట్టు పలుకులతో నున్నంత చనవు మఱియెవ్వరికిని ఉండదు. మేము ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షతో చదువు ముగించి, ఒక ప్రభుత్వ కార్యాలయమున గుమాస్తాగా చేరి, చిరకాలము కాగితములు కదిపి, ఇప్పుడు వర్తూరులో విశ్రాంతిగా నున్నాము. మా ఇంగ్లీషు కళాశాలలో అబ్బినది కాదు, ఫైళ్లలో అబ్బినది. ‘విత్ రిఫరెన్స్ టు యువర్ లెటర్’ అని ఆరంభించుట, ‘వైడ్’ అని వ్రాసి వెనుకటి ఉత్తరువు సంఖ్యను, తేదీని చూపుట, ‘ఇన్ వ్యూ ఆఫ్ ది అబవ్’ అని ముగించుట మా నిత్యకృత్యము. ‘వైడ్’ అనగా లాటినులో ‘చూడుము’ అని అర్థము. ‘నా మాట నమ్ముము’ అనుట వేఱు, ‘ఇదిగో, ఇక్కడ చూడుము’ అనుట వేఱు. నోటు వ్రాసినపుడు ప్రతి సంగతికిని ఎదుట, అంచున, పుటసంఖ్య వేయనిచో మా పై అధికారి ఫైలును త్రిప్పి పంపెడివాడు.

పండితుల వ్యాసములలోని మర్యాదయు ఇదియే. ‘ఇబిడ్’ అనగా ‘ఆ చోటనే’ అనియు, ‘ఆప్. సిట్.’ అనగా ‘ముందు పేర్కొన్న గ్రంథముననే’ అనియు అర్థము. గుమాస్తా అంచున వేయు పుటసంఖ్యకు, పండితుడు అడుగున వేయు సూచికకు పని యొక్కటియే.

మా తమ్ముని కుమార్తె విశ్వవిద్యాలయమున చెఱువులను గూర్చి పరిశోధన చేయుచున్నది. ఆమె యొద్ద ఒక నోటుపుస్తకము కలదు. చదివిన వ్యాసములలో కంటికింపైన ఇంగ్లీషు వాక్యఖండములను, ముందు పనికి వచ్చునని, అందులో ఎక్కించుకొనుచుండును. ‘ఇట్ హ్యాజ్ బీన్ ఆర్గ్యూడ్ దట్’, ‘ది ఎవిడెన్స్ సజెస్ట్స్ దట్’, ‘టు ది బెస్ట్ ఆఫ్ అవర్ నాలెడ్జ్’ – ఇట్టివి పుటలకొలది. ఒకనాడు ఆమె, “పెదనాన్నా, ఇవన్నీ పరుల మాటలే గదా! వాడుకొంటే దొంగతనమవుతుందా?” అని అడిగినది.

ప్రశ్న చిన్నది కాదు. ఇంగ్లండులోని మాంచెస్టరు విశ్వవిద్యాలయమున జాన్ మోర్లీ యనువారు ఇట్టి పలుకులనే పోగుచేసి, ‘అకడెమిక్ ఫ్రేజ్‌బ్యాంక్’ అను పేర విద్యార్థుల కందఱికి అందుబాటులో నుంచిరి. ఇవి ఎవరి సొంత ఆలోచనయు కావు. ఇటుకలవంటివి, ఎవరైనను పేర్చుకొనవచ్చును. మన దేశమున యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ 2018లో చేసిన నిబంధనలును ఈ భేదమును గుర్తించినవి. పోలిక నూటికి పది పాళ్లలోపు ఉన్నచో శిక్ష లేదు. ఆధారము చూపి ఉదాహరించిన భాగములు, గ్రంథపట్టిక, సామాన్య పదములు లెక్కలోనికి రావు. వరుసగా పదునాలుగు మాటలవఱకు యాదృచ్ఛికముగా కలిసినను దానిని పట్టించుకొనరాదని అందు కలదు. అరువది పాళ్లు మించినచో మాత్రము విద్యార్థి నమోదే రద్దగును. కావున మే మామెతో, “అమ్మా, మాట పొందిక అందఱిది. అందులో పోసిన సంగతి ఒకరిది. ఆ ఒకరి పేరు చెప్పినంతకాలము భయము లేదు” అంటిమి.

కాని చిక్కు మేము తలచినచోట రాలేదు, మఱియొకచోట వచ్చినది.

మా వీధిలో తొంబది యేండ్లు దాటిన రైతు ఒకరున్నారు. మావలెనే తరతరముల క్రిందట ఇటు వచ్చి, ఇంట తెలుగును, వీధిలో కన్నడమును పలుకు కుటుంబము వారిది. బెళ్ళందూరు చెఱువునుండి వర్తూరు చెఱువునకు నీరు వచ్చి, ఇచ్చటినుండి దక్షిణపినాకినిలో కలియును. 2015లో మా చెఱువు నురుగు రోడ్లమీదికి పొంగి పత్రికల కెక్కిన సంగతి పాఠకు లెఱుగుదురు. ఆ నీరు నిర్మలముగా నున్న దినములలో తూము తీసి మళ్లకు నీరు పాఱించిన చేతులు ఆ వృద్ధునివి. మా వీధిలో అట్టివారు ఇక ఆయన యొక్కరే. మా అమ్మాయి ఆయన యొద్ద కూర్చుండి అడుగగా, “నీళ్లు తక్కువైన యేట ముందు కడమడికే పారిస్తాంటిమి. పైమడి వాళ్లు ఎట్లనూ తాగుతారు” అని చెప్పెను.

ఎంత గొప్ప న్యాయము! మా అమ్మాయి దీనిని ఇంగ్లీషున వ్రాయుచు, తన నోటుపుస్తకమునుండి ‘ఇట్ ఈజ్ జనరల్లీ బిలీవ్డ్ దట్’ అను పలుకును తీసి ముందు తగిలించినది. పర్యవేక్షకులు అంచున, “ఎవరు నమ్మిరి? ఆధార మేది?” అని వ్రాసి పంపిరి. అచ్చుపుస్తకములో ఎక్కడను దొరకనందున ఆ వాక్యమునే కొట్టివేయ నామె సిద్ధపడినది.

అపుడు మేము ఆమె చేయి పట్టుకొంటిమి. ఆ వృద్ధుడు నమ్మినవాడు కాడు, చేసినవాడు. ‘సామాన్యముగా నమ్మబడుచున్నది’ అనగానే, ఆయన చేతిపని ఊరివారి నమ్మకమైపోయినది, ఆయన పేరు మాయమైనది. ఆ వాక్యమును కొట్టివేసినచో సంగతియు మాయమగును. పడికట్టు పలుకు దొంగిలించుటకే కాదు, చెఱిపివేయుటకును పనికివచ్చునని ఆనాడు తేటపడినది. పేరు చెప్పి తేదీ వేసినచో ఆ మాటయే ఆధారము. అమెరికాలోని మోడరన్ లాంగ్వేజ్ అసోసియేషన్ వారి పద్ధతిలో స్వయముగా జరిపిన ముఖాముఖికి గ్రంథపట్టికలోనే చోటున్నది. అనుమతి కొఱకు మఱల ఆయన యొద్దకు వెళ్లితిమి. “నా పేరు రాస్తే కోర్టుకు పిలుస్తారా యేమమ్మా?” అని నవ్వి, కొంత తడవు ఊరకుండి, “అట్లయితే మా నాయన పేరుకూడా వెయ్యి. ఆయన కాడనే నేర్సుకుంటి” అనెను. అక్షరము రాని ఆ రైతు, అడుగకయే, తన ఆధారమును చూపెను! పర్యవేక్షకులు ఆ రెండు పేర్లతో ఆ వాక్యమును అంగీకరించిరి.

ఇది మనకు కొత్త మర్యాద కాదు. మన లాక్షణికులు లక్షణము చెప్పినంత మాత్రమున ఊరకుండక, ఏ కవి ఏ కావ్యమున అట్లు ప్రయోగించెనో లక్ష్యము చూపిరి. 1656 నాటి అప్పకవీయము అట్టిదే. మూలగ్రంథములు నశించినను, లక్షణగ్రంథములలోను, పెదపాటి జగ్గన కూర్చిన ప్రబంధరత్నాకరమువంటి సంకలనములలోను ఉదాహరింపబడుటచేత బ్రతికిన పద్యములు ఎన్నియో కలవు. మా సమీపమున బేగూరులో ఒక వీరగల్లు కలదు. క్రీ.శ. 890 ప్రాంతపు ఆ శాసనము బెంగుళూరు పేరును పేర్కొనుచున్నది. ‘ఎపిగ్రాఫియా కర్ణాటికా’లో దానికి సంఖ్య వేసి అచ్చొత్తించుటచేత, నేడు ఎవ్వరైనను దానిని చూపగలరు. ఱాతిమీది మాటకు సంఖ్య దొరికినది. నోటిమాటకు మాత్రము మనమే తేదీ వేయవలెను.

ఇంకొక చిన్న సంగతి. ఇంగ్లీషు పట్టికలు పేరులోని కడపటి మాటను వంశనామ మనుకొనును. మన యింటిపేరు ముందుండును. గిడుగు రామమూర్తిగారిని ‘రామమూర్తి’ క్రింద వెదకిన పట్టికలో ‘గిడుగు’ క్రింద కనబడకపోవచ్చును. మన పిల్లలు తమ పెద్దల పేర్లను పేర్కొనునపుడు ఇంటిపేరు జాఱిపోకుండ చూచుకొనవలెను. పొరుగు రాష్ట్రమున స్థిరపడిన మనకు, ఏ ఊరినుండి వచ్చితిమో తెలుపు గుఱుతు పలుమాఱు ఆ యింటిపేరొక్కటియే.

సోదర సోదరీమణులారా! మన పిల్లలు ఇంగ్లీషు పలుకులు నేర్వవలసినదే, వానితో పెద్ద వ్యాసములు వ్రాయవలసినదే. ఐతే ప్రతి యింటను ఒక నోటుపుస్తకము వేఱుగా నుండవలెనని మా మనవి. అవ్వ చెప్పిన వైద్యము, తాత చెప్పిన సేద్యము, పెండ్లిపాట, ఏదైనను సరే, అన్నవారి మాటలలోనే వ్రాసి, ప్రక్కన పేరు, ఊరు, తేదీ వేయుడు. వారెవరి యొద్ద నేర్చిరో అదియు అడిగి వ్రాయుడు. ఒక కలము చాలును, ఆలసింపకుండుటయే ముఖ్యము.